ఎడమచేతి వేల్స్ అవ్వ

ఆ ముసలమ్మను నేను ఎన్నడూ చూడలేదు. మా మేడమ్ పుట్టకముందే వేల్స్‌లో ఏదో ఊళ్ళో పోయింది. అయినా మస్కట్‌లో నేను పనిచేసిన ఆ ఇంట్లో మూడేళ్ళపాటు ఆమె మీద పళ్ళు నూరుతూనే బతికాను. పోయిన మనిషి మీద అంత కసి ఏమిటని ఎవరైనా అంటే అననీ. నాకు దక్కాల్సిన శుక్రవారాలను ఆమె తిన్నట్టు బతికున్నవాళ్ళెవరూ తినలేదు.

ఆమె మా మేడమ్‌కు అమ్మమ్మ. నూరేళ్ళ పైమాట, వేల్స్ ఆడపిల్లల తరఫున హాకీ ఆడింది. అదేమీ ఉద్యోగం కాదు. ఆట మీద మోజుతో సొంతంగా రైలెక్కి వెళ్ళి, ఆడి వచ్చేవాళ్ళట. మేడమ్ ఆమె జీవితచరిత్ర రాస్తోంది. నేను ఆ ఇంట్లో చేరేనాటికి రెండు పెట్టెల కాగితాలు పోగయ్యాయి, చేరాక నాలుగయ్యాయి. ఆ పెట్టెల మీద దుమ్ము దులపడం నా పని. హాల్లో గోడకు వేలాడే అవ్వగారి హాకీ కర్రకు నెలకోసారి అవిసెనూనె పట్టించడం కూడా నా పనే. గోడ మీంచి దించకూడదు. స్టూలెక్కి, మెత్తటి గుడ్డతో పట్టించాలి. మొదటిరోజు ఆ కర్రను ఎలా ముట్టుకోవాలో మేడమ్ నాకు పావుగంట నేర్పింది. "ఇది హాకీ స్టిక్. మీ దేశంలో కూడా ఈ ఆట ఆడతారు, నీకు తెలుసా?" అని అడిగింది. తెలుసు మేడమ్ అన్నాను. అంతకు మించి చెప్పలేదు.

మాది అనంతపురం జిల్లాలో మగ్గాల ఊరు. మా హైస్కూల్లో పీఈటీ సారు మొండిమనిషి. పదకొండుమంది ఆడపిల్లలకు ఏడు కర్రలు పెట్టి హాకీ నేర్పాడు. కర్ర లేనివాళ్ళు ఉత్త చేతులతో పరుగెత్తుతూ ఉండాలి, ఉన్నవాళ్ళు అలిసిపోతే అందుకోవాలి. పావడా కుచ్చిళ్ళు నడుంలో దోపుకుని, చెప్పుల్లేని కాళ్ళతో, గులకరాళ్ళ నేల మీద ఆడేవాళ్ళం. నేను సెంటర్ హాఫ్. అంటే మైదానం నడిబొడ్డున నిలబడి, వెనక్కీ ముందుకీ ఉరుకుతూ, అందరినీ తిట్టే చోటు. నా నోటికి అది సరిగ్గా సరిపోయింది. జిల్లాకు ఆడాను. ఒకసారి రాష్ట్రం జూనియర్ టీముకు కూడా ఆడాను. ఇంటర్ అయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక మగ్గం, మగ్గం మూలబడ్డాక విమానం. ఇక్కడి గుర్తింపు కార్డును బతాకా అంటారు. దాని మీద నేను ఇంటిపని మనిషిని. సెంటర్ హాఫ్ అని రాసే చోటు దాని మీద లేదు.

మేడమ్ దగ్గర చేరిన కొత్తలో, ఒక శుక్రవారం పొద్దున మస్కట్‌లోనే ఘుబ్రా అనే పేటలో ఒక గ్రౌండు పక్కగా నడిచిపోతుంటే చెక్క మీద బంతి తగిలిన చప్పుడు వినపడింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. లోపల ఆడవాళ్ళు హాకీ ఆడుతున్నారు. నర్సులు, టీచర్లు, నాలాంటి ఇంటిపనివాళ్ళు. కెప్టెన్ గోదావరి జిల్లా అమ్మాయి, ఒక క్లినిక్కులో నర్సు, నా కంటే పదేళ్ళు చిన్నది. అడిగి కర్ర తీసుకున్నాను, చున్నీ నడుముకు బిగించాను. పదిహేను నిమిషాల తర్వాత ఆ మధ్యచోటు ఎవరిదో అడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

అప్పటి నుంచి శుక్రవారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా నేను అక్కడ ఉండాలి. ఒమన్‌లో నాది అని చెప్పుకోవడానికి ఆ మూడు గంటలు, ఆ చోటు తప్ప నాకు ఇంకేమీ లేదు. గది వాళ్ళది, మంచం వాళ్ళది, నేను కాఫీ తాగే కప్పు కూడా వాళ్ళు చెవి విరగ్గొట్టి పక్కన పెట్టిందే. ఈ ఒక్కదాన్నీ ఎవరూ లాక్కోకూడదని నేను ఇంట్లో నోరు విప్పలేదు. శుక్రవారం నాకు సెలవు, ఎక్కడికి పోతానో ఎవరికి కావాలి?

ఇంట్లో నేను కాక ముగ్గురు. సారు ఏదో ఆయిల్ కంపెనీకి సలహాలిచ్చే ఇంజనీరు, నెలలో సగం రోజులు ఎడారిలోనే. మేడమ్ రిటైరైన టీచరు, అరవై దాటిన మనిషి. మూడోవాడు డ్రైవరు, కడప నుంచి వచ్చిన తమ్ముడు. ఇంట్లో వాళ్ళతో ఫోన్లో తురకం మాట్లాడతాడు, నాతో మాత్రం అచ్చం మా సీమ తెలుగే. మంచివాడే గానీ కడుపులో మాట ఆగదు.

సాయంత్రం నాలుగింటికి నేను ఇస్త్రీ బల్ల వేస్తే మేడమ్ కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చునేది. తను రాసింది పైకి చదివితేగానీ తనకు తప్పులు తెలియవట. వినడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి మధ్యలో మాట్లాడకూడదు. ఇస్త్రీ చేసే మనిషి కంటే దొరుకుతుందా? అలా ఆ అవ్వ బతుకంతా సారు చొక్కాల మీదుగా నా చెవిలో పోసింది. అవ్వ తండ్రి చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. పొలంలో గౌను ఎగిరేలా పరుగెత్తడం పాపమని కూతురి బూట్లు బొగ్గుల గదిలో దాచేవాడు. ఆమె తమ్ముడి బూట్లలో కాగితాలు కుక్కి తొడుక్కుని వెళ్ళేది. ఆట మొదలయ్యే ముందు గౌను అంచు నేలకు ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచేవాళ్ళట. అది చదివి మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నీకు అర్థమవుతోందా? వారమంతా ఇంటి చాకిరీ. శనివారం మధ్యాహ్నం ఒక్కటే ఆమెది. ఆ ఒక్క పూట కోసం కన్నతండ్రినే ఎదిరించింది" అంది.

"అర్థమవుతోంది మేడమ్" అన్నాను, కాలరు మీద పెట్టె గట్టిగా నొక్కుతూ.

సంగతి బయటపెట్టింది డ్రైవరే. ఒకరోజు మేడమ్ కారులో అవ్వ గురించి చెబుతుంటే, మా అక్క గూడా హాకీ ఆడుతుందని గొప్పగా చెప్పేశాడు. మేడమ్ ఇంటికి వచ్చి నన్ను కావలించుకుంది. మూడేళ్ళలో నన్ను ఆమె ముట్టుకున్నది ఆ ఒక్కసారే. మరుసటి శుక్రవారం మడత కుర్చీ, గొడుగు, ఫ్లాస్కు తెచ్చుకుని గ్రౌండు పక్కన కూర్చుంది. ఫోటోలు తీసింది. ఆట అయ్యాక మా అందరినీ పిలిచి, వాళ్ళ అమ్మమ్మ కాలంలో బంతి ఎలా కొట్టేవాళ్ళో చేత్తో గాల్లో చూపించింది. మా గోదావరి కెప్టెన్ నా వైపు చూసి నవ్వు ఆపుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చోటులోకి కూడా ఆ అవ్వను తెచ్చి కూర్చోబెట్టింది కదా అని.

అక్కడి నుంచి మొదలైంది శుక్రవారాల భాగోతం. మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. రాసిన అధ్యాయాలు స్నేహితురాళ్ళకు చదివి వినిపించాలి. అందరికీ కుదిరేది శుక్రవారం పొద్దున. వాళ్ళకు టిఫిన్లు, టీలు, కేకులు. "ఈ ఒక్క వారమే. బదులుగా ఆదివారం సెలవు తీసుకో" అనేది. ఆదివారం నాతో హాకీ ఎవరు ఆడతారు, ఇస్త్రీ బల్లా? ఒక్క వారం రెండయింది, రెండు అయిదయ్యాయి. ఆమె గొంతు పెంచేది కాదు. పెంచితే నేనూ పెంచుదును. చిరునవ్వుతో, తల పక్కకు వాల్చి, దయగా లాక్కునేది. అలాంటివాళ్ళతో పోట్లాడటం ఎలాగో మా పీఈటీ సారు నాకు నేర్పలేదు.

ఏడాదికోసారి బురైమి నుంచి అక్కడి నర్సుల టీము మాతో ఆడటానికి వస్తుంది. నాలుగు గంటల ప్రయాణం, వ్యాను మాట్లాడుకుని ముందురోజే వచ్చి తెలిసినవాళ్ళ రూముల్లో సర్దుకుంటారు. మాకు అది ఒక్కటే అసలైన మ్యాచ్. నిరుడు ఆ మ్యాచ్ ఉన్న శుక్రవారమే మేడమ్ స్నేహితురాళ్ళు వచ్చారు. వస్తానని చెప్పినదాన్ని, ఆ పొద్దున అయిదింటికి రాలేనని ఫోన్ చేశాను. మావాళ్ళు పదిమందితో ఆడి నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాత మా టీము వాట్సాప్ గ్రూపులో ఒక రూలు పెట్టారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు సెలవు ఇచ్చేదీ లేనిదీ వాళ్ళ మేడమ్‌ల చేతిలో ఉంటుంది కాబట్టి, గురువారం మధ్యాహ్నం మసీదులో బాంగు అయ్యేలోపు ప్రతి మనిషీ వస్తానో రానో గ్రూపులో చెప్పాలి. ఆ తర్వాత జాబితా మారదు. రాలేనివాళ్ళ చోటు ఇంకొకరికి ఇస్తారు. నిరుటి ఓటమికి కారణం నేనే కాబట్టి ఆ రూలుకు అందరికంటే ముందు సరే అన్నది నేనే.

"అక్కా, ఈయేడు కూడా రాకపోతే మాత్రం మీ చోట్లో వేరే మనిషిని అలవాటు చేసుకుంటామండి. ఏమీ అనుకోకండి" అంది కెప్టెన్. ఆ పిల్ల ఎప్పుడూ అండీ పెట్టకుండా మాట్లాడదు, పెట్టి ఎంత మాటైనా అంటుంది.

ఈ ఏడు మ్యాచ్‌కు రెండు నెలల ముందు వేల్స్ నుంచి ఒక పెద్ద కవరు వచ్చింది. మేడమ్ పెద్దమ్మ కొడుకు ఇంటి అటక మీద ఒక పాత గాజు నెగటివ్ దొరికిందట. దాన్ని పెద్దగా ప్రింటు తీయించి పంపాడు. అవ్వ ఫోటో అంతకు ముందు ఒకటే ఉండేది, ముసలితనంలో తీసింది. ఇది పాతికేళ్ళ వయసుది. పొడుగు గౌను, మెడలో టై, తల మీద చిన్న టోపీ. ముందుకు వంగి, ఎదురుగా బంతి పెట్టుకుని, గోడ మీదున్న కర్రనే పట్టుకుని ఉంది. కర్ర మెడ దగ్గర దారంతో చుట్టిన కట్టు కూడా కనిపిస్తోంది.

మేడమ్ ఆ ఫోటోను చూసి కుర్చీలో కూలబడింది. "చూడు, చూడు. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. ఆమె ఎడమచేతి వాటం" అంది. తర్వాత భోరున ఏడ్చింది. మేడమ్‌ది కూడా ఎడమచెయ్యే. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆమె ఎడమచేతిని కుర్చీకి కట్టేసి అన్నం తినిపించేదట. బళ్ళో ఆ చేత్తో రాస్తే కణుపుల మీద స్కేలు తిప్పి కొట్టేవాళ్ళట. ఇంటిల్లిపాదిలో ఎవరికీ లేని ఈ దరిద్రం నీకెక్కడి నుంచి వచ్చిందని అనని మనిషి లేడట. "ఇదిగో, ఇక్కడి నుంచి" అని ఫోటో మీద వేలు పెట్టి నాకు చూపించింది.

నేను చూశాను. చూసిన మరుక్షణం నాకు తెలిసిపోయింది.

హాకీ కర్రకు ఒకవైపు చదును, రెండోవైపు గుండ్రం. చదును వైపుతోనే బంతి కొట్టాలి, గుండ్రం వైపు తగిలితే ఫౌల్. ఆ చదును ప్రపంచమంతా ఒకే పక్కన ఉంటుంది. ఎడమచేతి బ్యాటు ఉంటుంది, ఎడమచేతి హాకీ కర్ర ఉండదు. మా స్కూలు టీములో ఎడమచేతి వాటం పిల్ల ఒకతె ఉండేది. మూడు నెలలు ఏడ్చి, చివరికి మా అందరిలాగే ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద పెట్టి పట్టుకోవడం నేర్చుకుంది. కర్రను చదును మన వైపు ఉండేట్టు నిలబెడితే కింద వంకర ఎడమకు తిరిగి ఉంటుంది. గోడ మీద అవ్వ కర్ర అలాగే ఉంది. ఫోటోలో మాత్రం చదును మన వైపు ఉండి, వంకర కుడికి తిరిగి ఉంది. అలాంటి కర్రను భూమ్మీద ఎవరూ చెయ్యలేదు. గాజు నెగటివ్‌ను తిరగేసి ప్రింటు కొట్టారు, అంతే. ఎడమచేతి అవ్వ అనే మనిషి ఆ ఫోటోలో లేనే లేదు.

ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. సంతోషం వేసింది. నా ఆటను నాకే నేర్పడానికి వచ్చిన మనిషి, ఆ ఆటలో మొదటి పాఠం తెలియక బోర్లా పడుతుంటే చూడాలనిపించింది. అచ్చేసి, నలుగురి చేతుల్లో పెట్టాక, వేల్స్‌లో హాకీ తెలిసిన ముసలాడెవడో చూసి నవ్వాలి. ఆ నవ్వు నాకు వినపడకపోయినా ఫరవాలేదు.

రెండు నెలలు మేడమ్ పుస్తకమంతా తిరగరాసింది. ప్రతి అధ్యాయంలోకి ఎడమచెయ్యి వచ్చి చేరింది. తండ్రి కొట్టిన చెయ్యి, చర్చి ఒప్పుకోని చెయ్యి, వేల్స్ అంతా కలిసి ఆపలేకపోయిన చెయ్యి. రోజూ నాలుగింటికి నేను దుప్పట్లు మడత పెడుతూ వినేదాన్ని. "ఎలా ఉంది?" అని అడిగితే, "చాలా బాగుంది మేడమ్" అనేదాన్ని. అంత మనస్ఫూర్తిగా నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఇక బురైమి వాళ్ళు వచ్చే వారం వచ్చింది. నెల ముందే చెప్పి పెట్టాను, మేడమ్ సరేనంది. గురువారం పొద్దున కాఫీ ఇవ్వబోతే తలెత్తకుండానే చెప్పింది. "రేపు పన్నెండుమంది వస్తున్నారు. ఎడమచేతి అధ్యాయం చదువుతున్నాను. నువ్వు ఉండాలి."

"రేపు నా మ్యాచ్ ఉంది మేడమ్. మీరు సరేనన్నారు."

"అయ్యో, అది రేపేనా? ఇంకోసారి ఆడచ్చులే. ఇది నా జీవితంలో ఎంత ముఖ్యమైన రోజో అందరికంటే నీకే బాగా తెలియాలి. నువ్వూ హాకీ ఆడేదానివే కదా."

వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. డ్రైవరు తలుపు దగ్గర నుంచి అడిగాడు. "ఏమక్కా, రేపు పోతాండావు కదా? ఎన్నింటికి బండి తీయాల?"

"పొయ్యేది ల్యా. ఆయమ్మకు చుట్టాలొస్తాండారు."

"అదేందక్కా, నెల దినాల్నుంచీ చెప్తాంటివి కదా. గట్టిగా అడగల్యా?"

"గట్టిగా అడిగితే బతాకా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తాది. పోయి నీ పని చూసుకోపో."

బాంగుకు ఇంకా మూడు నాలుగు గంటలుంది. కోపంలో ఫోను తీసి గ్రూపులో రాను అని పెట్టేశాను. కారణం రాయలేదు. ఎవరూ అడగలేదు. దాంతో నాకు ఇంకా ఎక్కువ కాలింది.

సాయంత్రం నాలుగింటికి ఎప్పటిలాగే బల్ల వేశాను. మర్నాటి విందుకు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ ఇస్త్రీ చేస్తున్నాను. మేడమ్ రేపటి చదువుకు సాధన చేస్తోంది. స్టాండు మీద ఆ పెద్ద ఫోటో. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. ఆ ఒక్క పూట తనదని తెలిసిన ఆడదాన్ని ఎవరూ ఆపలేరు అనే వాక్యం దాకా వచ్చింది. నేను ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టి, గోడ దగ్గరకు పోయి, కర్రను కొక్కెం మీంచి దించాను.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"మేడమ్, ఆ ఫోటో తిరగేసి ఉంది" అన్నాను.

కర్ర తెచ్చి ఫోటో పక్కన నిలబెట్టాను. చదును ఆమె వైపు తిప్పాను. "వంకర ఎటు తిరిగిందో చూడండి. ఇప్పుడు ఫోటోలో చూడండి. ఇదే కర్ర, ఇదే దారం కట్టు" అన్నాను. తొందరపడలేదు. చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు, కర్రను ఎలా ముట్టుకోవాలో ఆమె నాకు నేర్పినంత ఓపికగా చెప్పాను. "ఎడమచేతికి హాకీ కర్ర ఉండదు మేడమ్. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మీ అమ్మమ్మ కర్రను అందరిలాగే పట్టుకుంది."

ఆమె నా చేతిలోంచి కర్ర తీసుకుంది. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి, ఫోటోలో అవ్వ లాగా వంగి నిలబడింది. గుండ్రం వైపు బయటికి వచ్చింది. కర్రను తిప్పింది. వంకర తన కాళ్ళ వైపు తిరిగింది. మూడుసార్లు ప్రయత్నించింది. నేను పక్కన నిలబడి చూశాను. సాయం చేయలేదు.

"గాజు నెగటివ్" అంది చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఫోటో వచ్చిన రోజు నుంచి."

"రెండు నెలలు. రోజూ విన్నావు. బాగుందన్నావు."

"మీరు నన్ను అడగలేదు మేడమ్. నేనూ హాకీ ఆడేదాన్నే కదా."

ఆమె తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను, జవాబులు సిద్ధంగా పెట్టుకున్నాను. కర్రను సోఫాలో పడుకోబెట్టి, ఎడమచేతి కణుపులు కుడిచేత్తో రుద్దుకుంటూ కూర్చుంది, ఇప్పుడే ఎవరో కొట్టినట్టు. ఆ తర్వాత ఫోను తీసుకుని, ఒకరి తర్వాత ఒకరికి, ఒంట్లో బాగాలేదు రేపు రావద్దని చెప్పింది. పన్నెండుమందికీ చెప్పాక నా వైపు చూడకుండా అంది. "రేపు వెళ్ళు. నువ్వు కోరుకుంది అదేగా."

అదే. ఆ క్షణాన నాకు జాలి కలగలేదు. గెలిచానని ఒళ్ళంతా వెచ్చగా అనిపించింది. అక్కడే నిలబడి గ్రూపులో వస్తున్నాను అని పెట్టాను. లిస్టు అయిపోయిందండి అక్కా అని కెప్టెన్ జవాబిచ్చింది. నవ్వుకున్నాను. ఫోన్లో అంటుంది గానీ, కళ్ళెదుట నన్ను చూశాక కాదంటుందా? ఆ చోట్లో నా అంత మనిషి ఒమన్‌లో ఇంకొకతె ఉందా?

శుక్రవారం పొద్దున బూట్లు వేసుకుని, జడ గట్టిగా బిగించి, అందరికంటే ముందు గ్రౌండులో ఉన్నాను. కెప్టెన్ వచ్చింది. వెనకాల ఎవరో కొత్త మనిషి. ఊరి బయట బర్కాలో ఒక తోటబంగళాలో వంట చేస్తుందట. కర్రను చీపురు పట్టినట్టు పట్టుకుంది.

"ఈమెనా నా చోట్లో?" అన్నాను.

"అవునండి."

"ఆట వచ్చునా?"

"నేర్చుకుంటందండి. ఈవిడకి సెలవు ఆదివారమండి, మూడు నెలల్నించి ఒక్క ఆదివారం మానకుండా నా దగ్గరకొచ్చిందండి" అంది కెప్టెన్.

"బురైమి వాళ్ళ మీద ఈమెను నిలబెడతావా? నేను వచ్చాను కదమ్మా. ఎట్లా వచ్చానో నీకు తెలీదు. ఒక మనిషిని..." అని ఆగిపోయాను.

"అక్కా, రూలు మనందరం పెట్టుకున్నదేనండి. మీరే కదా ముందు సరేనన్నది. నిన్న మీరు రానన్నాక ఈవిడ వాళ్ళ మేడమ్ కాళ్ళావేళ్ళా పడి సెలవు తెచ్చుకుందండి. ఇప్పుడు పొమ్మని ఏ నోటితో చెప్పమంటారు?"

మిగతా తొమ్మిది మందీ నా వైపు చూడలేదు. కాళ్ళకు ప్యాడ్లు కట్టుకుంటూ, సీసాల్లో నీళ్ళు పోసుకుంటూ పనిలో పడిపోయారు. అందులో ఒక్కరు నా తరఫున నోరెత్తినా కెప్టెన్ ఒప్పుకునేదేమో. ఇన్నేళ్ళు మధ్యలో నిలబడి అందర్నీ తిట్టినదాన్ని నేను. ఆ పొద్దున వాళ్ళు కడుపు నిండా నాకు బదులిచ్చారు.

మూడు గంటలు గీత బయట కూర్చున్నాను. ఆ బర్కా మనిషికి బంతి ఆపడం రాదు, కొట్టడం రాదు, ఎక్కడ నిలబడాలో తెలీదు. కానీ ఉరికింది. పడింది, లేచింది, మళ్ళీ ఉరికింది. తప్పు చేసినప్పుడల్లా పక్కవాళ్ళు పరవాలేదు పరవాలేదు అని అరిచారు. నేను ఆ చోట్లో ఉండగా ఆ గ్రౌండులో ఆ మాట నేను వినలేదు. ఆమె వల్ల మావాళ్ళు ఓడిపోవాలని మనసులో ఎంత మొక్కానో చెబితే సిగ్గుచేటు. మావాళ్ళు గెలిచారు. అందరూ ఆ మనిషిని ఎత్తుకుని తిప్పారు. నేను చప్పట్లు కొట్టి, ఖాళీ సీసాలు సంచిలో వేశాను.

కారెక్కితే డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "ఎట్లాడినావక్కా? గుడ్డలకు మన్ను గూడా అంటుకోల్యా."

"నోరు మూసుకొని నడుపు" అన్నాను. పాపం, ఇల్లు చేరేదాకా ఇంకో మాట ఎత్తలేదు.

గేటు దగ్గర దిగి, అతను బండి వెనక్కు పెట్టేదాకా ఆగాను. తర్వాత గోడ పక్కన పూలమళ్ళో కూర్చుని, గుప్పెడు పొడిమన్ను తీసి రెండు మోకాళ్ళ మీదా రుద్దుకున్నాను. బూట్ల మీద చల్లుకున్నాను. మోచేతికి కూడా కాస్త పూసుకున్నాను. నలభై ఏళ్ళ ఆడదాన్ని, పట్టపగలు, ఆ పని చేశాను.

మేడమ్ వంటింట్లో తన కాఫీ కప్పు తనే కడుక్కుంటోంది. ఫ్రిజ్‌లో పన్నెండుమందికి చేసిన కేకులు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. ఆమె నా మోకాళ్ళ వైపు చూసింది. "ఆడావా?" అని అడిగింది.

"ఆడాను మేడమ్."

ఆమె ముందు తగ్గడం ఇష్టం లేక అబద్ధం చెప్పానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఆమె దగ్గర నేను పెరుక్కున్నది దేనికీ పనికిరాకుండా పోయిందని ఆమె మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది.

"గెలిచారా?"

"గెలిచాం."

"ఎంత?"

"రెండు ఒకటి" అన్నాను. అది మాత్రం నిజం.